వీడియో ఆటలు: ఆడడం ఒక ఎత్తు, అల్లడం ఒక ఎత్తు

వేసవి సెలవులు వచ్చాయంటే మన టౌన్‌షిప్‌లోని కమ్యూనిటీ హాలు పిల్లల కేరింతలతో నిండిపోవడం పాఠకులందరికీ తెలిసినదే. ఈత, చిత్రలేఖనం, కూచిపూడి, చదరంగం, కరాటే ఇత్యాదిగా వెల్ఫేర్ విభాగంవారు ఏటా ప్రకటించే శిక్షణ తరగతుల పట్టికలో 2023 వేసవిలో కొత్తగా ఒక అంశం చేరింది. "వీడియో ఆటల రూపకల్పన, 6వ తరగతి నుంచి 9వ తరగతి వరకు" అన్న ప్రకటనను నోటీసు బోర్డులో చూసి కొందరు సహోద్యోగులు ముక్కున వేలేసుకున్నారు. "ఇంట్లో పిల్లల చేతుల్లోంచి ఫోను లాక్కోలేక మేము చస్తుంటే, మీరు హాల్లో కూర్చోబెట్టి మరీ ఆటలు నేర్పుతారటండీ!" అని క్యాంటీనులో మమ్మల్ని నిలదీసినవారూ ఉన్నారు. ప్రశ్న సమంజసమైనదే. అయితే దానికి సమాధానం టీ గ్లాసు చేతిలో పట్టుకొని రెండు ముక్కల్లో చెప్పగలిగేది కాదు. కనుక మూడు వేసవులుగా ఆ తరగతులను నిర్వహిస్తూ వచ్చిన మేము, ఇన్‌స్ట్రుమెంటేషన్, సిస్టమ్స్ విభాగాలకు చెందిన నలుగురు ఉద్యోగులము, ఈ పుటల ద్వారా మా అనుభవాన్ని మనవి చేయదలచాము.

ముందుగా ఒక మాట. ఆట ఆడేవారికి తెర మీద బొమ్మ కనిపిస్తుంది. ఆట అల్లేవారికి ఆ బొమ్మ వెనుక ఉన్న నిబంధన కనిపించాలి. బంతి గోడకు తగిలితే ఏమవుతుంది? ఎంత వేగంతో వెనుకకు మళ్ళుతుంది? ఎన్నిసార్లు తప్పితే ఆట ముగుస్తుంది? ఈ మూడింటికీ జవాబు ఎవరో ఒకరు కూర్చొని నిర్ణయించినదే తప్ప, యంత్రం తనంతట తాను తెచ్చుకున్నది కాదు. పన్నెండేళ్ళ పిల్లవాడికి ఈ సంగతి ఉపన్యాసంగా చెబితే ఆవులిస్తాడు. తన చేతులతో ఆ మూడు జవాబులూ రాసినవాడికి మాత్రం ఇక ఎవరూ చెప్పనక్కరలేదు.

ప్రయోగశాలలో పుట్టిన ఆట

వీడియో ఆటల చరిత్రలో తొలి పుటలు తిరగేస్తే మనవంటి ఉద్యోగులే దర్శనమిస్తారు. అమెరికాలోని బ్రూక్‌హేవన్ నేషనల్ లేబొరేటరీ ప్రభుత్వ నిధులతో నడిచే పరిశోధనా సంస్థ. 1958లో అక్కడి ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగానికి అధిపతిగా ఉన్న విలియం హిగిన్‌బాథమ్, సందర్శకుల దినాన వచ్చే జనానికి విసుగు పుట్టకుండా ఏదైనా చూపాలన్న ఉద్దేశంతో ఒక అనలాగ్ కంప్యూటరును ఆసిలోస్కోపుకు అనుసంధించి టెన్నిస్ ఆటను రూపొందించారు. నేలకు ఒక గీత, వలకు ఒక చిన్న గీత, బంతికి ఒక చుక్క. అంతకుమించి తెర మీద ఏమీ లేదు. అయినా దానిని ఆడేందుకు జనం బారులు తీరారు. మన కంట్రోల్ రూములలో ఆసిలోస్కోపు ముందు గంటల తరబడి కూర్చున్న మిత్రులకు ఈ ముచ్చట ప్రత్యేకంగా నచ్చుతుందని మా నమ్మకం.

ఇక లోకమంతటా వీడియో ఆటల వ్యాపారానికి తలుపులు తెరిచిన 'పాంగ్' కథ మా తరగతికి మరింత దగ్గరిది. 1972లో ఆటారి సంస్థలో కొత్తగా చేరిన అలన్ ఆల్కార్న్ అనే ఇంజనీరుకు చేయి తిరగడం కోసం, సంస్థ స్థాపకులలో ఒకరైన నోలన్ బుష్నెల్ అప్పగించిన అభ్యాసమది. అంటే, కొత్తగా చేరినవాడికి ఇచ్చిన హోంవర్కు! అందులో కంప్యూటర్ ప్రోగ్రాం అంటూ ఏదీ లేదు, అంతా లాజిక్ సర్క్యూట్లే. ఆల్కార్న్ బ్యాటును ఎనిమిది భాగాలుగా ఊహించి, బంతి మధ్య భాగానికి తగిలితే తిన్నగాను, అంచులకు తగిలితే ఏటవాలుగాను తిరిగి వెళ్ళేటట్లు చేశారు. ఆ సర్క్యూట్‌లో ఉన్న ఒక లోపం వల్ల బ్యాటు తెర పైఅంచు దాకా చేరేది కాదు. ఆయన దానిని సరిదిద్దలేదు. ఆ చిన్న సందు ఉంటేనే ఎంత నేర్పరికైనా బంతి తప్పే అవకాశం ఉంటుందని, ఆట అప్పుడే రక్తి కడుతుందని వదిలివేశారు. మేము ప్రతి ఏటా రెండవ రోజున పిల్లలకు ఈ కథ చెబుతాము. లోపాన్ని దిద్దడమే కాక, ఏ లోపాన్ని ఉంచుకోవాలో తెలియడం కూడా రూపకర్త పనే అని అప్పుడు వారికి తోస్తుంది.

పిల్లల చేత ప్రోగ్రాములు రాయించాలన్న ఆలోచన కూడా కొత్తది కాదు. సేమోర్ పాపర్ట్, సింథియా సాలమన్, వాలీ ఫర్జిగ్ తదితరులు 1967లోనే 'లోగో' అనే భాషను ఇందుకోసం తయారుచేశారు. ఆ సంప్రదాయంలోనే ఎం.ఐ.టి. మీడియా ల్యాబ్ నుంచి 2007లో 'స్క్రాచ్' వెలువడింది. ఇందులో ఆదేశాలను టైపు చేయనక్కరలేదు. రంగురంగుల దిమ్మల రూపంలో ఉన్న ఆదేశాలను ఒకదాని కింద ఒకటి తగిలిస్తే చాలు. కామా తప్పిందనీ కుండలీకరణం మూయలేదనీ యంత్రం గద్దించదు. వెల లేదు, ఒకసారి కంప్యూటరులోకి ఎక్కించుకుంటే ఇంటర్నెట్ అవసరమూ లేదు. ఆఫీసు వాడుక నుంచి తొలగించిన ఎనిమిది పాత కంప్యూటర్లు తప్ప వేరే ఆస్తి లేని మాకు ఇంతకంటే ఏం కావాలి?

కంప్యూటరు ముట్టని మూడు రోజులు

శిబిరం మొత్తం పదిహేను రోజులు, రోజుకు రెండు గంటలు. మొదటి మూడు రోజులు కంప్యూటర్ల మీద కప్పిన గుడ్డ తీయము. ఇందుకు పిల్లలు అలుగుతారు, కొందరు తల్లిదండ్రులు ఫిర్యాదు కూడా చేస్తారు. ఆ మూడు రోజులూ హాలు నేల మీద సుద్దముక్కతో గీసుకొని వైకుంఠపాళి, అష్టాచెమ్మా, పులిజూదం ఆడిస్తాము. ఆడిన ప్రతి ఆటకూ ఒకటే ప్రశ్న వేస్తాము: "ఇందులో ఆడేవాడు తీసుకొనే నిర్ణయం ఏది?"

వైకుంఠపాళి దగ్గర పిల్లలు చాలాసేపు తర్జనభర్జన పడి, "ఏమీ లేదు" అని తేలుస్తారు. నిజమే. పందెం వేయడం, ఎంత పడితే అంత జరపడం, పాము మింగితే దిగడం, నిచ్చెన దొరికితే ఎక్కడం. ఆడేవాడి తెలివితో దానికి పని లేదు. అదే అష్టాచెమ్మాలో అయితే పడిన పందేన్ని ఏ కాయకు వాడుకోవాలన్నది మన చేతిలో ఉంటుంది. పులిజూదంలో అదృష్టానికి తావే లేదు, అంతా నిర్ణయమే. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసిన పిల్లలకు, తాము ఫోనులో ఆడే ఆటలలో ఏది ఏ కోవకు చెందుతుందో తామే చెప్పడం వచ్చేస్తుంది. ఆ చర్చ వినడానికి ఎంతో ముచ్చటగా ఉంటుంది.

పులిజూదం గురించి మరికొంత చెప్పాలి. మన వైపు ఆడే పద్ధతిలో 23 కూడళ్ళు, 3 పులులు, 15 మేకలు. నేపాలు వారి బాఘ్‌చాల్‌లో 25 కూడళ్ళు, 4 పులులు, 20 మేకలు. తమిళులు, కన్నడిగులు కూడా తమ తమ పేర్లతో ఈ ఆటను ఎరుగుదురు. పాత గుళ్ళ మండపాలలో నేలరాళ్ళ మీద చెక్కిన ఈ ముగ్గును చూడనివారు అరుదు. మన టౌన్‌షిప్‌లో నాలుగు రాష్ట్రాల పిల్లలు ఉన్నారు కనుక ఎవరింటి ఆట వారు చెప్పుకుంటారు. ఆ తరువాత మేమిచ్చే పని ఏమిటంటే, మేకలను 12కు తగ్గించి పది ఆటలు ఆడి ఫలితం రాయమనడం. పులులు విజృంభిస్తాయి, ఒకటి రెండు ఆటల్లోనే మేకల పక్షం వహించిన పిల్లలు "ఇక మేము ఆడము" అని లేచిపోతారు. ఇరుపక్షాల బలాలను తూచి ఉంచే సంఖ్య ఒకటి ఉంటుందని, దానిని ఎవరో ఎన్నో ఆటలు ఆడి ఆడి పట్టుకొని ఉంటారని అప్పుడు తెలుస్తుంది. అంకె మారితే ఆటే మారిపోతుంది.

గవ్వల లెక్క కూడా ఇక్కడే వస్తుంది. అష్టాచెమ్మాను కంప్యూటరులో తయారుచేయబోయిన ఇద్దరు పిల్లలు, 1, 2, 3, 4, 8 అనే ఐదు అంకెల్లో ఒకదానిని యాదృచ్ఛికంగా ఎంచుకోమని ఆదేశం రాశారు. ఆడి చూస్తే అస్తమానమూ 'అష్ట'లు పడుతున్నాయి. ఏదో తేడా ఉన్నదని వారికే తోచింది, కాని ఎక్కడో తెలియలేదు. నాలుగు గవ్వలు చేతికిచ్చి వందసార్లు వేసి లెక్క రాయమన్నాము. రెండు పడినన్నిసార్లు ఎనిమిది పడదని లెక్కలో తేలింది. గవ్వ వెల్లకిలా పడడానికీ బోర్లా పడడానికీ సమాన అవకాశం ఉందనుకుంటే, నాలుగు గవ్వలు పడగల తీరులు 16. అందులో రెండు పడేవి 6, ఒకటి పడేవి 4, మూడు పడేవి 4, నాలుగుకు ఒకటి, ఎనిమిదికి ఒకటి. వాళ్ళు రాసిన ఆదేశంలో మాత్రం ఐదింటికీ సమాన వాటా! చివరకు నాలుగు గవ్వలనూ విడివిడిగా వేసి కూడమని కంప్యూటరుకు చెప్పారు. సంభావ్యత అనే పాఠం వారి పుస్తకంలో ఇంకా రెండేళ్ళకు గానీ రాదు.

మామిడికాయ, బుట్ట

నాలుగవ రోజున కంప్యూటర్ల మీది గుడ్డ తొలగుతుంది. పిల్లలందరి మనస్సుల్లోనూ అప్పటికే ఒక మహా ఆట ఉంటుంది. రెండు వందల మంది సైనికులు, మూడు దీవులు, ఎగిరే గుర్రాలు! ఆ ఊహను మేము తోసిపుచ్చము, ఒక కాగితం మీద రాసి పెట్టుకోమంటాము. మొదటి ఆట మాత్రం అందరికీ ఒకటే: పైనుంచి మామిడికాయ పడుతుంది, కింద బుట్టతో పట్టాలి. చిన్నదైనా సరే, మొదలు, తుది ఉన్న పూర్తి ఆట ఒకటి చేతి మీదుగా జరగాలన్నది మా నియమం. సగంలో ఆగిన పెద్ద ఆట కంటే పూర్తయిన మామిడికాయ మేలు.

స్క్రాచ్ తెర వెడల్పు 480, ఎత్తు 360 ప్రమాణాలు. మధ్యబిందువు సున్నా. కుడివైపు 240, ఎడమవైపు మైనస్ 240, పైన 180, కింద మైనస్ 180. రుణసంఖ్యలంటే పరీక్షలో మార్కులు పోగొట్టే గీతలని భావించే పిల్లలకు ఇక్కడ అవి తెర ఎడమ సగంలోనూ దిగువ సగంలోనూ కళ్ళెదుట కూర్చొని ఉంటాయి. కాయ విడతకు 5 ప్రమాణాల చొప్పున దిగాలంటే ఎత్తులోంచి 5 తీసివేయాలి. సెకనుకు 30 విడతలు. మరి నేల చేరడానికి ఎంతసేపు? 360ని 5తో భాగిస్తే 72 విడతలు, 72ను 30తో భాగిస్తే 2.4 సెకన్లు.

ఇంతవరకు లెక్క. ఇక్కడి నుంచి రూపకల్పన. బుట్ట విడతకు 10 ప్రమాణాలు జరుగుతుంది. ఈ అంచు నుంచి ఆ అంచుకు 480, అంటే 48 విడతలు, 1.6 సెకన్లు. కాయకు 2.4 సెకన్లు, బుట్టకు 1.6 సెకన్లు. కాయ ఎక్కడ పుట్టినా బుట్ట తీరికగా చేరుకుంటుంది, ఆట చప్పగా ఉంటుంది. కాయ వేగాన్ని 8 చేస్తే అది 1.5 సెకన్లకే నేల చేరుతుంది. దూరపు అంచున పుట్టిన కాయను ఎంతటి నేర్పరీ పట్టలేడు, అది అన్యాయం. 7 చేస్తే సుమారు 1.7 సెకన్లు. పరుగెత్తితే దొరుకుతుంది, తాత్సారం చేస్తే పోతుంది. ఆ 7 అనే అంకెను పట్టుకోవడం కోసం 7వ తరగతి పిల్లలు భాగహారాలు చేస్తూ, ఒకరితో ఒకరు వాదించుకుంటూ గంటసేపు కూర్చోవడం మేము చూశాము. పాఠశాల లెక్కల్లో జవాబు తప్పితే ఎర్ర సిరా పడుతుంది. ఇక్కడ జవాబు తప్పితే పక్క కుర్చీలోని మిత్రుడు "ఏం బాగాలేదురా నీ ఆట" అంటాడు. రెండవదే ఎక్కువ పనిచేస్తుంది.

ఏడు మార్కుల కాయ

ఇక తప్పుల సంగతి. తరగతిలో అసలైన బోధన జరిగేది ఇక్కడే కనుక ఈ విషయం కొంత విస్తరించి చెప్పక తప్పదు.

"అంకుల్, ఒక్క కాయ పట్టుకుంటే ఏడు మార్కులు వస్తున్నాయి!" ఈ కేక ప్రతి ఏడాదీ ఐదవ రోజునో ఆరవ రోజునో వినిపిస్తుంది. పిల్లవాడు రాసినది సవ్యంగానే కనబడుతుంది: 'కాయ బుట్టకు తగిలితే మార్కులకు 1 కలుపు.' కాని కాయ విడతకు 5 చొప్పున దిగుతూ 35 ప్రమాణాల ఎత్తున్న బుట్టను దాటడానికి ఏడు విడతలు పడుతుంది. ఆ ఏడు విడతలలోనూ అది బుట్టకు తగిలే ఉంటుంది. యంత్రం ప్రతి విడతా చూసి ప్రతి విడతా ఒకటి కలుపుతుంది. అది చెప్పినట్లే చేసింది.

మేము జవాబు చెప్పము. "నీవు రాసినదానిని కంప్యూటరు గొంతుతో పైకి చదువు నాన్నా" అంటాము. అప్పటికీ తెలియకపోతే హాలు మధ్యకు నడిపిస్తాము. హాలు నేల గళ్ళ టైల్సు మాకు పెద్ద వరం. ఒక అమ్మాయి మామిడికాయ అవుతుంది, ఒక అబ్బాయి బుట్ట అవుతాడు, మూడవవారు ఆదేశాలు ఒక్కొక్కటే చదువుతారు. కాయ ఒక్కో గడి జరుగుతుంది. "తగిలిందా?" "తగిలింది." "ఒకటి కలుపు." మళ్ళీ ఒక గడి. "తగిలిందా?" "ఇంకా తగిలే ఉంది." ఆ క్షణాన అందరూ ఒక్కసారి గొల్లుమంటారు. తగలగానే కాయను వెంటనే పైకి పంపివేయాలన్న పరిష్కారం వాళ్ళ నోటి నుంచే వస్తుంది. లోగో రోజుల్లో పాపర్ట్ బృందం పిల్లలను తాబేలులా నడిచి చూడమన్నది. మాది మామిడికాయ నడక.

రెండవ ఆటగా అందరూ పాంగ్ తయారుచేస్తారు. అందులో మరో చిత్రమైన తప్పు కాచుకొని ఉంటుంది. 'బంతి బ్యాటుకు తగిలితే వేగం గుర్తు మార్చు' అని రాస్తారు. ప్లస్ 6 మైనస్ 6 అవుతుంది, బంతి వెనక్కి మళ్ళుతుంది, బాగానే ఉంది. కాని ఒక్కొక్కప్పుడు బంతి బ్యాటు లోపలికి కాస్త లోతుగా చొచ్చుకొనిపోతుంది. తరువాతి విడతలో అది ఇంకా తగిలే ఉంటుంది కనుక గుర్తు మళ్ళీ మారుతుంది. మైనస్ ప్లస్ అవుతుంది, ప్లస్ మైనస్ అవుతుంది. బంతి బ్యాటుకు బంకలా అతుక్కొని గజగజ వణుకుతుంది. 'గుర్తు మార్చు' అనడానికి బదులు 'కుడివైపుకే పంపు' అని రాస్తే చిక్కు వీడిపోతుంది. ఎన్నిసార్లు చెప్పినా కుడి కుడే కదా. ఉన్నదానిని తిరగవేయమనడానికీ, ఫలానా విధంగా ఉండమనడానికీ మధ్య ఉన్న ఈ అంతరం ప్లాంటులో స్విచ్చుల లాజిక్ రాసే మాకు నిత్య వ్యవహారమే. బటన్ నొక్కగానే 'ఉన్న స్థితిని మార్చు' అన్న మోటారుకూ, 'ఆగు' అన్న మోటారుకూ తేడా ఏమిటో మెయింటెనెన్సు మిత్రులు మాకంటే బాగా చెప్పగలరు.

వేగం 20 చేసినప్పుడు బంతి 10 ప్రమాణాల మందం గల బ్యాటును తాకకుండానే అవతలికి దూకడం, ఆట రెండవసారి మొదలుపెడితే పాత మార్కులు అలాగే ఉండిపోవడం వంటివి ఇంకా ఎన్నో ఉన్నాయి. అన్నీ చెబితే సంపాదకులు ఒప్పుకోరు.

మౌస్ ఎవరి చేతిలో?

ఎనిమిది కంప్యూటర్లు, ఇరవై నాలుగు మంది పిల్లలు. ముగ్గురికి ఒక యంత్రం. మౌస్ పట్టుకున్నవారు నేర్చుకుంటారు, పక్కవారు చూస్తారు. వదిలివేస్తే మౌస్ ఎప్పుడూ ఇంట్లో కంప్యూటరు ఉన్న అబ్బాయి చేతికే చేరుతుంది. ఆడపిల్లలు వెనుక కుర్చీలో కూర్చొని "అక్కడ కాదు, కింద" అని సలహాలు చెబుతూ ఉండిపోతారు. అందుచేత పన్నెండు నిమిషాలకొకసారి గంట కొడతాము. గంట మోగితే మౌస్ చేతులు మారాలి. మౌస్ లేనివారిలో ఒకరు తరువాతి అడుగు ఏమిటో చెప్పాలి, మరొకరు నోటు పుస్తకంలో రాయాలి. గంట నియమం లేకపోతే ఈ తరగతి పెట్టడమే వృథా అని మా దృఢాభిప్రాయం.

ఇంకొక సంగతి. మొదటి ఏడాది నిబంధన ప్రకారం శిబిరం రెగ్యులర్ ఉద్యోగుల పిల్లలకే పరిమితం. కాంట్రాక్టు కార్మికుల పిల్లలకు కూడా ఆరు సీట్లు కేటాయించవలసిందని మేము పెట్టుకున్న అర్జీని 2024లో యాజమాన్యం సహృదయంతో మన్నించింది. అలా వచ్చినవారిలో ఒకమ్మాయి అంతకుముందు కీబోర్డు ముట్టి ఎరుగదు. ఆ అమ్మాయి రాసిన ఆటలో బిందెతో నీళ్ళు పట్టాలి. కుళాయి ఎప్పుడు వస్తుందో తెలియదు, వచ్చినప్పుడు బిందె కింద ఉండాలి, నిండిన వెంటనే తీసి మరొకటి పెట్టాలి. మా మామిడికాయ ఆటకు అదే నిర్మాణం, కాని శిబిరంలో అందరూ ఎగబడి ఆడిన ఆట అదే. కుళాయి మీద ఉంచిన కన్ను తిప్పుకోవడానికి లేదు మరి.

తయారైన ఆటను ఇతరుల చేత ఆడించడం పదవ రోజు కార్యక్రమం. నియమం ఒక్కటే: ఆడుతున్నంతసేపూ రాసినవారు నోరు విప్పరాదు. ఇది పిల్లలకు ప్రాణసంకటం. ఒకరి నానమ్మగారు వచ్చి కుర్చీలో కూర్చొని, తెర మీద బుట్టను వేలితో తోయబోయారు. బాణం మీటలు వాడాలని ఆమెకు ఎవరు చెప్పారు? మనవడు పెదవులు బిగించి నిలబడ్డాడు. మర్నాడు అతని ఆటలో మొదటి కాయ పడకముందే బుట్ట పక్కన రెండు బాణాలు మెరవసాగాయి. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ మొదటి అంచెలో ఒక్క మాట కూడా రాయకుండానే పరుగూ గెంతూ నేర్పించిన తీరును ఆ రోజే చూపిస్తాము. అంతకుముందు చూపితే పిల్లలకు ఆ గొప్పతనం పట్టదు.

తిరిగే చక్రం

క్యాంటీను ప్రశ్నకు అసలు సమాధానం పన్నెండవ రోజున ఉంది.

ఆ రోజు పెద్ద పిల్లల చేత, అంటే 8, 9 తరగతులవారి చేత, ఒక చక్రం తయారుచేయిస్తాము. నాలుగు సమాన భాగాలు, అందులో ఒకటి బహుమతి. పది నాణేలు కట్టి చక్రం తిప్పాలి, బహుమతి వస్తే నలభై. చూసినవారు నాలుగింట ఒక వంతు అవకాశం ఉందనుకుంటారు. ఇప్పుడు కోడ్‌లో, 1 నుంచి 20 వరకు ఒక అంకె ఎంచుకోమని, 1 వస్తేనే బహుమతి అని రాయమంటాము. మిగతా పంతొమ్మిది సార్లు చక్రాన్ని బహుమతి గీతకు వెంట్రుకవాసి దూరంలో ఆపమంటాము. తరువాత చిన్న తరగతుల పిల్లలను పిలిచి ఆడిస్తాము. "అరెరె, కొంచెంలో తప్పింది! ఇంకొక్కసారి!" ఈ మాట వినబడని చక్రం మాకు ఇంతవరకు తటస్థపడలేదు. రాసిన పిల్లలు మొదట నవ్వుతారు, కాసేపటికి నవ్వు ఆపుతారు. ఒక ఏడాది ఒక కుర్రవాడు తన చెల్లెలిని కుర్చీలోంచి లేపి, "వద్దమ్మా, అది రాదు, నేనే రానీయలేదు" అన్నాడు.

ఆ తరువాత అదే చక్రాన్ని బొమ్మ లేకుండా వెయ్యిసార్లు తిప్పి లెక్క చూపమంటాము. కంప్యూటరుకు అది కనురెప్పపాటు పని. పదివేల నాణేలు కడితే తిరిగి వచ్చేవి ఇంచుమించు రెండు వేలు.

ఇది ఊసుపోక చేసిన పాఠం కాదు. మనకు తెలిసిన ఒక సహోద్యోగి ఫోనులో డబ్బు పందెం ఆటలకు అలవాటు పడి, భవిష్యనిధి నుంచి అడ్వాన్సు తీసుకొని, సొసైటీ అప్పు తీసుకొని, చివరకు క్వార్టర్సులో ఇరుగుపొరుగువారి వద్ద కూడా చేయి చాచవలసి వచ్చింది. ఆయన కుటుంబం పడిన అవస్థ మనలో చాలామంది ఎరిగినదే. ఇటువంటి ఆటలను అరికట్టేందుకు తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ తమ చట్టాలను సవరించుకున్నాయి. డబ్బు పణంగా పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశవ్యాప్తంగా నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. చట్టం తన పని తాను చేస్తుంది. అయితే తెర మీద కనబడే నాలుగు గళ్ళకూ, లోపల రాసి ఉన్న ఇరవైకీ సంబంధం లేదని చట్టం చెబితే వినడం వేరు, స్వయంగా రాసి చూడడం వేరు. పిల్లల చేతిలోంచి ఫోను లాక్కోవడం మా వల్ల కూడా కాదు. ఆ ఫోనులోని ఆటను చూసి "ఇందులో నా నిర్ణయం ఏది? ఎదుటివాడు రాసిన అంకె ఏది?" అని అడగగల పిల్లలను తయారుచేయడం మాత్రం రెండు వారాలలో సాధ్యమేనని చెప్పగలము.

స్క్రాచ్ పూర్తయిన పెద్ద పిల్లలకు చివరి మూడు రోజులు పైథాన్ భాషలో పైగేమ్ సహాయంతో అదే పాంగ్‌ను మళ్ళీ రాయిస్తాము. ఇక్కడ తెర మధ్యలో కాక, పై ఎడమ మూలలో సున్నా ఉంటుంది, కిందికి దిగుతున్నకొద్దీ అంకె పెరుగుతుంది. మొదటి రోజు అందరి బంతులూ తలకిందులుగా ఎగురుతాయి. కొత్త ఆట కాక పాత ఆటనే ఎందుకు రాయిస్తామంటే, ఆట తెలిసినదైతే కొత్తదనమంతా భాష ఒక్కదానికే పరిమితమవుతుంది.

ఇతర యూనిట్లలో ఇటువంటి తరగతి ప్రారంభించదలచిన మిత్రులకు వ్యయం గురించి సందేహం అక్కరలేదు. పాత కంప్యూటర్లు, గవ్వలు, సుద్దముక్కలు, ఒక గంట, షిఫ్టు దిగి రెండు గంటలు కూర్చోగల ముగ్గురు నలుగురు. పిల్లల కంటే ముందు పెద్దలు ఒక మామిడికాయ ఆటను సొంతంగా పూర్తిచేసి ఉండాలి.

ప్రస్తుతం 2025 శిబిరానికి వచ్చిన ఇద్దరు విద్యార్థులు శనివారం సాయంత్రాలు హాలుకు వస్తూ పులిజూదాన్ని కంప్యూటరులోకి ఎక్కిస్తున్నారు. 23 కూడళ్ళకూ అంకెలు వేసి, ఏ కూడలి నుంచి ఏ కూడలికి దారి ఉన్నదో నోటు పుస్తకంలో పట్టిక రాసుకున్నారు. పులి దూకడం సవ్యంగా వస్తున్నది. మేకల పక్షాన కంప్యూటరే ఆడాలన్నది వారి పట్టుదల. అక్కడ పని ఆగింది, ఎందుకంటే మేకలను ఏ క్రమంలో దింపితే పులి దారి మూసుకుపోతుందో వారికీ తెలియదు, మాకూ అంతంత మాత్రమే. టౌన్‌షిప్‌లో ఉన్న పెద్దలలో, విశ్రాంత ఉద్యోగులలో మేకలతో గెలిచే ఒడుపు ఎరిగినవారు ఎవరైనా ఉంటే, ఏదైనా శనివారం సాయంత్రం ఆరు గంటలకు కమ్యూనిటీ హాలుకు దయచేయవలసిందిగా ప్రార్థన. ముగ్గు గీసి ఉంటుంది, పులులుగా ఆడడానికి ఆ ఇద్దరూ సిద్ధంగా ఉంటారు.